రాణిగారు పైనే ఉంది

నమోదు 611

గట్టు లోపల నీళ్ళు మోకాలి కిందకే ఉన్నాయి. రెండు పంపులూ నడిచాయి. సోలార్ పలకల మీద ఉప్పు కడిగాను.

ఇక్కడిదాకా నా ఉద్యోగం. మూడో గట్టు పంపుల దగ్గర ఈ నమోదు రాయడానికే కమిటీ నన్ను పెట్టింది. దీన్ని చదివే నాథుడు లేడని నాకెప్పుడో తెలిసిపోయింది కనక మిగతా చోటంతా నేను వాడుకుంటాను.

నిన్న మేం ఎవరికి పెద్దకర్మ చేశామో ఆ నా తమ్ముడు రాఘవులు ఇవాళ కూరగాయల పడవ దిగాడు.

బెండకాయ బస్తాల మధ్య కూచుని వచ్చాడు. రేవులో నన్ను చూసి, "ఏంటే అక్కా, అట్టా చూత్తన్నావు? నేనేలే" అన్నాడు. నా చేతిలో చీపురు జారి నీళ్ళలో పడింది. ఏడ్చానో తిట్టానో గుర్తులేదు. నా సంగతి నాకు తెలుసు కదా, తిట్టే ఉంటాను.

జరిగింది ఇదీ. కొండ మీది ఆస్పత్రిలో ఇద్దరు రాఘవులు ఉన్నారట. ఇద్దరికీ ఊపిరితిత్తుల్లో ఉప్పే. ఒకడు పోతే రెండోవాడి ఇంటికి కబురు పంపారు. ఒంటిని కిందకి పంపరు, అక్కడే కాల్చేసి కబురు ఒక్కటే పంపుతారు. మేం నమ్మాం. నమ్మక ఏం చేస్తాం?

నమ్మి అన్నీ చేసేశాం. రాత ఎత్తుకోవడం కూడా అయిపోయింది. గట్టు మీద పూడ్చడానికి నేల లేదు, మోయడానికి పాడె లేదు. అందుకని ఎవరు పోయినా పదకొండో రోజున ప్రతి గడపా ఆ మనిషి బ్లాగులో రాసుకున్నదంతా తన బ్లాగులోకి ఎత్తుకుంటుంది. ఒక్క అక్షరం మార్చకూడదు. మునక ఏళ్ళలో సర్వర్లు నీళ్ళపాలైనప్పుడు ఇంకొకరి దగ్గర నకలు ఉన్న రాతలే బతికాయి, ఆచారం అప్పుడు పుట్టింది. చిరునామా ఒక్కటి మాత్రం వదిలేస్తాం. పోయినవాళ్ళకి చిరునామా రాస్తే వెతుక్కుంటూ తిరిగొస్తారని భయం.

రాఘవులు ఇదంతా విని పడీపడీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "బతికుండంగానే మోసేశారా నన్ను! ముందెవరు ఎత్తుకున్నారు?"

"నేనే."

"బరువుగా ఉన్నానా?"

"నోర్ముయ్యి" అన్నాను.

మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాక వాడు ముందు అడిగింది ఒక్కటే. "అక్కా, రాణిగారు పైన ఉందా?"

నమోదు 612

పంపులు మామూలే.

రాణిగారు అంటే ఒంటికన్ను మేక. దీవిలో ఉన్నప్పుడు వాడు పెంచిన మేక. ఆ పేరు పెట్టింది వాడి కూతురు బుల్లి, అప్పుడు దానికి మాటలు సరిగ్గా రావు. సముద్రం దీవిని తీసుకున్న రోజున తెప్పపడవల గందరగోళంలో బుల్లి ఒక పడవలో వెళ్ళిపోయింది, వీడు మిగిలిపోయాడు. తల్లి దాన్ని కంటూనే పోయింది, ఇక పిల్లకి వీడొక్కడే. వీడు మా దగ్గరికి మేకని వెంటేసుకుని వచ్చాడు. బిడ్డని వదిలి మేకని ఎట్లా తెచ్చావురా అని అందరూ అడిగారు. ఎవ్వరికీ జవాబు చెప్పలేదు.

పడవల్లో వెళ్ళిన పిల్లలకి పైన కొండల్లో కొత్త పేర్లు పెట్టారు. బుల్లికి తన పేరూ తెలియదు, ఊరి పేరూ తెలియదు. పెద్దయ్యాక తనవాళ్ళని వెతకాలనుకుంటే జల్లెడని ఏమని అడుగుతుంది? జల్లెడ అంటే ప్రపంచం మొత్తం రాతల్ని జల్లించి మనం అడిగింది పైకి తేల్చే యంత్రం. దాన్ని అడగడానికి పిల్ల దగ్గర ఉండేవి చిన్నచిన్న ముక్కలే. ఒంటికన్ను మేక, పసుపురంగు తొట్టి, చింతచిగురులో ఎండురొయ్యలు. అందుకని వీడు "రాణిగారి కొట్టం" అని బ్లాగు మొదలుపెట్టాడు. వారానికొక ముక్క రాస్తాడు. తొట్టికి ఏ వైపు చిల్లు పడిందో, మేక ఎవరి పంచె నమిలిందో అన్నీ. ప్రతి ముక్క కిందా ఒకే వరస: "మూడో గట్టు, పంపు గది పక్కన. నాన్న ఇక్కడే ఉన్నాడు."

ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే నెట్ అందే స్తంభం గదికి వెళ్ళి జల్లెడని అడిగేవాడు. ఒంటికన్ను మేక రాణిగారు అని. మొదట వాడి బ్లాగే వచ్చేది. చూసుకుని వచ్చి టీ తాగేవాడు.

ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. అందుకని ఇవాళ నేను వెళ్ళాను.

మొదట వచ్చింది వాడి బ్లాగు కాదు. శాశ్వత స్మారక మంటపం అని పైన కొండల్లో ఒక కంపెనీ ఉంది, చావులన్నీ పోగేసి పూలు దిద్ది పెడుతుంది. మేం ఎత్తుకున్న రాతని వాళ్ళూ ఎత్తుకున్నారు. "స్వర్గీయ రాఘవులు జ్ఞాపకాలు" అని పేరు, చుట్టూ బంతిపూల బొమ్మలు. చిరునామా లేదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వరస: ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి, ఒకేలా ఉన్నందున చూపడం లేదు.

నా తమ్ముడు ఆ చూపనివాటిలో ఉన్నాడు.

ఇంటికొచ్చాను. "పైన ఉందా?" అన్నాడు.

"పైనే ఉందిరా" అన్నాను, దుప్పటి అంచు సర్దుతూ.

నమోదు 615

రెండో పంపు మొరాయించింది. నాచు తీస్తే సర్దుకుంది.

మేరీకుమారిని పట్టుకున్నాను. స్తంభం గది బాధ్యత ఆ పిల్లదే. పెద్ద చదువులు చదివింది గానీ చెబితే నాకర్థమయ్యేలా చెబుతుంది.

"జల్లెడకి మా రాఘవులు మీద కోపమా ఏంటే? ఏం శిక్ష ఇది?" అన్నాను.

"శిక్షేం కాదు పెద్దమ్మా. దానికి ఎవరి మీదా కోపం ఉండదు. ఒకే రాత నలభై చోట్ల కనపడితే నలభై చూపించదు, ఒకటి ఉంచుకుని మిగతావి మడతెట్టేస్తది. కరెంటు కరువొచ్చాక మరీనూ."

"మరి ముందు రాసినోడిది ఉంచుకోవాలి కదా?"

"ముందు రాసిందెవరో దానికి ఖాయంగా తెలీదు. ఎక్కువమంది ఎక్కడికి పోతన్నారు, ఎక్కువ బ్లాగులు దేన్ని చూపెడతన్నాయి, అది చూసుకుంటది. ఇదివరకు మావయ్య గురించి ఎవరు చెప్పుకున్నా ఆయన బ్లాగునే చూపించేవాళ్ళు. ఇప్పుడు ఎవరికి వాళ్ళు తమ దగ్గరున్న నకలుని చూపిత్తన్నారు. బలమంతా ముక్కలైపోయింది. మంటపం పెద్దది, జనం వస్తారు. దాన్నే అసలనుకుంది."

"ఏం చేస్తే మళ్ళీ పైకొస్తది?"

"నకళ్ళు దించెయ్యాలి. లేదంటే ప్రతి నకలు పైనా అసలు ఫలానా చోట ఉందని జల్లెడకి అర్థమయ్యేలా ఒక గుర్తు పెట్టాలి."

అంతేగా అనుకున్నాను. గట్టు మీద నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

నమోదు 617

అందరూ ఎదురు చెప్పారు.

ఒక్కో గడపా ఎక్కాను. ఎత్తుకున్న రాతని దించండి అంటే చెవులు మూసుకున్నారు. దించితే ఆ మనిషి రెండోసారి పోయినట్టు. రాఘవులు ఒకసారి పోయి వచ్చాడు, ఇప్పుడు దించితే నిజంగానే పోతాడని వాళ్ళ భయం. వలలు అల్లే తాతారావు నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "నా చేత్తో ఆ పని చేయించకు నాంచారక్కా. ఆడు మళ్ళీ పోతే నేను బతికుండలేను" అన్నాడు.

గుర్తు పెట్టండి అంటే, అక్షరం కలిపినా తప్పేనన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద ప్రేమతోనే వాడిని తొక్కేస్తున్నారు, ఆ మాట వాళ్ళ ముఖాన అనలేను. ముందు ఎత్తుకున్నదాన్ని నేనే కదా.

ఇంటికొచ్చి నా నకలు నేను దించేశాను. పక్క గదిలో వాడు దగ్గుతుంటే, హమ్మయ్య, దగ్గుతున్నాడు అనుకున్నాను.

"పైన ఉందా?"

"పైనే ఉందిరా." దుప్పటి కింద వైపు కూడా లాగి సరిచేశాను.

నమోదు 620

వాన. పంపులు ఆగకుండా నడిచాయి.

మంటపానికి మేరీకుమారి చేత రాయించాను. మనిషి బతికే ఉన్నాడు, ఆ పేజీ తీసెయ్యండి అని. జవాబు వచ్చింది, రాసింది యంత్రమో మనిషో తెలియదు. స్మృతిపేజీ తొలగించాలంటే మరణించిన వారి వారసులు మరణ ధ్రువపత్రం జతచేసి అర్జీ పెట్టుకోవాలట. బతికున్నవాళ్ళ అర్జీలు తీసుకోరట.

ఇది వాడికి చెప్పి నవ్వించాలని నాలిక దురద పెట్టింది. చెబితే మిగతాదంతా చెప్పాలి. మింగేశాను.

వాడు ఇంకో ముక్క రాయించాడు నా చేత. బుల్లి వానని "ఆకాశం పోసుకుంటంది" అనేదట. రాస్తుంటే కళ్ళు మసకలు కమ్మాయి. ఎవరికి రాస్తున్నాను? ఈ రాత జల్లెడ కిందికి రాలిపోతుందని నాకు తెలుసు, వాడికి తెలియదు. తెలియదనే అనుకున్నాను.

నమోదు 623

గంగానమ్మత్త పిలిపించింది. గట్టు మీద అందరికంటే పెద్దది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. మొన్న నేను వెళ్ళినప్పుడు అందరికంటే ఎక్కువ తిట్టింది కూడా ఆవిడే.

"నేనెత్తుకున్నదాన్ని ముట్టుకోనే నాంచారీ. అది అట్టానే ఉంటది. పక్కన నా మాట నేను చెప్పుకుంటా. దానికెవరన్నా అడ్డమా?"

"ఏం మాట అత్తా?"

"ఆడు నా తెడ్డు ఎత్తుకెళ్ళి ఇయ్యలేదు. ఆ మాట ఆడి రాతల్లో ఎక్కడన్నా ఉందా? ఆడెందుకు రాసుకుంటాడు, దొంగెదవ! నేన్చెప్తా, రాసుకో."

మేరీకుమారి రాసుకుంది. తెడ్డు సంగతి, వీడు రాత్రంతా ఆవిడ పక్కన కూచుని ఆవిడ మనవడి జ్వరానికి తడిగుడ్డ వేసిన సంగతి, ఒంటికన్ను మేక రాణిగారు ఆవిడ పంచలో పురిటికి పడుకున్న సంగతి. "నిన్న కూడా మా ఇంటి ఎండుచేప అడిగి పంపించుకున్నాడు, పథ్యమంటే ఇనడు" అని ముగించింది. చివర, "ఆడి రాతలు కావాలంటే ఆడి బ్లాగుకే పోండి, ఆడు పంపు గది పక్కనే ఉన్నాడు" అంది. బ్లాగుకి పోయే లింకు అక్కడ పెట్టాం.

మేరీకుమారి ముఖం వెలిగింది. "పెద్దమ్మా, ఇది నకలు కాదు. ఇంకెక్కడా లేని రాత. దీన్ని జల్లెడ మడతెట్టదు. పైగా మావయ్య బ్లాగుని చూపిస్తంది. ఇట్టాంటివి అందరూ రాస్తే చాలు."

నమోదు 631

గట్టంతా రాస్తోంది. నకలు ఎత్తుకోవడానికి చేతులు చాలు. సొంతంగా రాయాలంటే మనిషిని తలచుకోవాలి. కొంతమంది రాయబోయి ఏమీ తోచక సిగ్గుపడి, ఆ వంకన వాడిని చూడ్డానికి వస్తున్నారు. తాతారావు ఒక పూటంతా మంచం పక్కన కూచుని వల అల్లుకుని, వెళ్ళి నాలుగు వరసలు రాశాడు. ఆ నాలుగూ బాగున్నాయి.

నేను అన్నీ వాడికి చదివి వినిపిస్తున్నాను. "తెడ్డు ఇచ్చేశానే! ముసల్దానికి మతిమరుపు" అని కొట్లాడతాడు. ఎందుకు రాస్తున్నారని మాత్రం అడగలేదు.

మాట పీలగా వస్తోంది. చేప ముట్టడం లేదు.

నమోదు 638

పోటు ఎక్కువ. గట్టు అంచు తడిసింది.

జల్లెడలో రాణిగారి కొట్టం మడతలోంచి బయటికి వచ్చింది. రెండో చోట. దానిపైన ఇంకా ఆ బంతిపూల మంటపమే.

"పైన ఉందా అక్కా?"

"పైనే ఉందిరా." చెయ్యి దుప్పటి మీదకి పోయింది.

వాడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "అబద్ధమాడేటప్పుడు నువ్వు దుప్పటి సర్దుతావే. చిన్నప్పుడు అమ్మకి అబద్ధం చెప్పేటప్పుడు కూడా అంతే, చాప సర్దేదానివి. నేనొచ్చిన కాణ్ణుంచీ ఈ దుప్పటికి ముడతన్నదే లేదు."

నా వల్ల కాలేదు. మొత్తం చెప్పాను. మేం ఎత్తుకోవడం, నకళ్ళు, మడత, మంటపం. చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. వాడు పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"రెండోదాకా వచ్చిందా?" అన్నాడు చివరికి. "మంచిదే కదే. ఇంకొక్కటే కదా."

నమోదు 640

పంపులు తాతారావు చూశాడు.

పొద్దున గంజి తీసుకెళ్ళేసరికి వాడు లేడు. ఈసారి కబురు మోసుకొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. నేనే చూశాను, నేనే ముట్టుకున్నాను, నేనే అందరికీ చెప్పాను.

ఎవరో వెనక నుంచి, ఎవరన్నా రాత దించారా అని అడగబోయారు. గంగానమ్మత్త వాళ్ళ నోరు మూయించింది.

నా తమ్ముడు. నా చంక దిగకుండా పెరిగినవాడు. ఇంకేం రాయను?

నమోదు 644

కూరగాయల పడవలో ఒక అమ్మాయి దిగింది. వీపున సంచీ, కాళ్ళకి కొండవాళ్ళ బూట్లు. నేను రేవు మెట్ల మీద ఉప్పు గీకుతున్నాను.

"రాఘవులు గారి ఇల్లు ఎక్కడండీ? పంపు గది పక్కన అని రాశారు."

తలెత్తి చూశాను. గడ్డం వాడిది. కింది పెదవి కొరుక్కోవడం వాడిది.

"నా పేరు నివేదిత. చిన్నప్పుడు ఇంకేదో ఉండేదట. నేను..." ఆగింది. "ఆయన నిన్ననే ఎండుచేప తెప్పించుకున్నారట కదా? గంగానమ్మ గారని ఒకావిడ రాశారు."

అది ఎప్పటి నిన్నో ఆ పిల్లకి ఎలా చెప్పను?

చెప్పాను. మెట్ల మీదే, చేతిలో గీకుడుచెక్క పట్టుకునే చెప్పాను. అది అరవలేదు, పడిపోలేదు. నా పక్కన కూచుని, "మళ్ళీనా?" అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. రాఘవులు పడవ దిగిన వారానికి అనుకుంటాను, అది మొదటిసారి ధైర్యం చేసి జల్లెడని అడిగింది. ఒంటికన్ను మేక అని. మంటపం పేజీ వచ్చింది. పసుపు తొట్టీ, చింతచిగురూ, అన్నీ తనవే. మొదటి వరసలోనే స్వర్గీయ అని ఉంది. తండ్రి దొరికిన నిమిషంలోనే పోయాడు. హాస్టల్ కొళాయి దగ్గర నువ్వులు నీళ్ళు వదిలిందట. ఆ వేళకి వాడు ఇక్కడ నాతో వానముక్క రాయించుకుంటూ ఉండి ఉంటాడు.

"మొన్న ఊరికే మళ్ళీ అడిగాను. ఆ మేక పేరు ఇంకోసారి చదువుకోవాలనిపించింది. అప్పుడు గంగానమ్మ గారి మాటలు కనపడ్డాయి. తేదీ చూశాను. నీళ్ళు వదిలిన తర్వాతి తేదీ. కబురు పెడితే మళ్ళీ ఎవరో ఏదో పొరపాటు చెబుతారని భయమేసింది. అందుకే ఏమీ అడక్కుండా బయల్దేరిపోయాను."

"నన్ను అత్తా అను తల్లీ. నేను మీ నాన్న అక్కని" అన్నాను.

"అత్తా" అంది. అని అప్పుడు ఏడ్చింది.

నమోదు 650

ఇవాళ పదకొండో రోజు.

గడప గడపా వచ్చి నిలబడింది. ఏం ఎత్తుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఎత్తుకోవాల్సింది ఎప్పుడో ఎత్తుకున్నారు. అందరూ బుల్లి వైపు చూశారు.

అది వాడి మంచం మీద కూచుని రాసింది. చాలాసేపు పట్టింది. నన్ను చదవమంది. ఇన్నేళ్ళలో వాడు రాయని ముక్క ఒక్కటే ఉంది, పడవల రోజు. అది ఈ పిల్లకి గుర్తుంది.

నాన్న భుజాల మీద ఉన్నాను, అని రాసింది. నీళ్ళు ఆయన గుండెల దాకా ఉన్నాయి. నన్ను పడవలోకి అందించి తనూ ఎక్కబోయాడు. నేను రాణిగారు కావాలని ఏడ్చాను. వద్దమ్మా అన్నాడు. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. సరే, ఇదిగో తెచ్చేస్తా, ఏడవకు అని వెనక్కి తిరిగాడు. పడవ కదిలింది. ఆయన మేకని ఎత్తుకుని నీళ్ళు తోసుకుంటూ రావడం చూశాను. ఆ తర్వాత ఎవరడిగినా నాకేం గుర్తులేదని చెప్పాను. నా ఏడుపు వల్లే నాన్న వెనక్కి వెళ్ళాడని తెలిస్తే నన్నెవరూ ఉంచుకోరనుకున్నాను. అందుకే ఇన్నేళ్ళు జల్లెడని అడగలేదు.

చదవడం ఆపేశాను. బిడ్డని వదిలి మేకని తెచ్చాడని గట్టంతా అన్నప్పుడు వాడెందుకు నోరు విప్పలేదో అప్పుడర్థమైంది. బ్లాగు నిండా అన్నీ రాసి అదొక్కటీ ఎందుకు రాయలేదో కూడా. కూతురు ఎప్పటికైనా చదువుతుంది. చదివితే తన ఏడుపు వల్లనే అని దానికి తెలిసిపోతుంది. తెలియకూడదని దాచాడు. దానికి ముందే తెలుసు.

తాతారావు అలవాటు కొద్దీ ఎత్తుకోవడానికి ముందుకొచ్చాడు. గంగానమ్మత్త చేత్తో ఆపింది. "అది దానిదిరా. అక్కడే ఉండనియ్యండి."

వాడి బ్లాగులో చిరునామా వరస తీసెయ్యాలని ఎవరో గుర్తుచేశారు. పోయినవాళ్ళకి ఉంచకూడదు కదా. బుల్లి వద్దంది. "వెతుక్కుంటూ తిరిగొస్తారనే కదా మీ భయం. రానివ్వండి" అంది.

నమోదు 652

నీళ్ళు చీలమండ దాకే. రెండు పంపులూ నడిచాయి. పలకలు బుల్లి కడుగుతోంది.

స్తంభం గదికి వెళ్ళాను. ఒంటికన్ను మేక రాణిగారు అని అడిగాను. మొదట రాణిగారి కొట్టం వచ్చింది. దాని కింద బుల్లి రాసింది, ఆ కింద గంగానమ్మత్తది. మంటపం ఎక్కడో అడుగున పడింది. వాడి ముక్క తెరిచి చివరిదాకా చూశాను. మూడో గట్టు, పంపు గది పక్కన. నాన్న ఇక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి ఉతికి మడతపెట్టి ఒక పక్కన ఉంది, నా చేతులకి పని లేదు. ఎవరూ అడగలేదు.

"పైనే ఉందిరా" అన్నాను.